రగ్బీ కోచ్: నైతిక ప్రమాణాలు, బాధ్యతలు

రగ్బీ జట్టుకు శిక్షణ ఇచ్చే కోచ్ తన ఆటగాళ్లతోను, ప్రత్యర్థులతోను, రిఫరీలతోను, పిల్లల తల్లిదండ్రులతోను, క్రీడా సంఘాలతోను ఎలా మెలగాలో నిర్దేశించే సూత్రాలు, నిబంధనలు, చట్టపరమైన విధులు అన్నీ కలిపి రగ్బీ కోచ్ నైతిక ప్రమాణాలు. వీటిలో కొన్ని ఆట నియమాల్లో ఉన్నాయి. కొన్ని అంతర్జాతీయ పాలక సంస్థ వరల్డ్ రగ్బీ నిబంధనల్లోను, కొన్ని జాతీయ సంఘాల ప్రవర్తనా నియమావళుల్లోను, మరికొన్ని ఆయా దేశాల శాసనాల్లోను ఉన్నాయి. రగ్బీలో దేహాలు ఢీకొనడం ఆటలో భాగం. ఎవరు ఆడాలి, ఎంతసేపు ఆడాలి, ట్యాకిల్ (బంతి ఉన్న ప్రత్యర్థిని పట్టి కింద పడేయడం) ఏ ఎత్తులో చేయాలి, దెబ్బ తగిలినవారు ఎప్పుడు తిరిగి బరిలోకి దిగాలి అన్నవి చాలావరకు కోచ్ మాట మీదే నడుస్తాయి. అందుకే ఈ ప్రమాణాలన్నిటికీ మూలసూత్రం ఒక్కటే: ఫలితం కన్నా ఆటగాడి క్షేమం ముందు.

ఈ వ్యాసం పదిహేనుమంది ఆడే రగ్బీ యూనియన్‌కు, దాని ఏడుగురి రూపమైన సెవెన్స్‌కు సంబంధించింది.

నిర్వచనం, పరిధి

కోచ్ అనే మాట ఇక్కడ ప్రధాన కోచ్‌కే పరిమితం కాదు. సహాయక కోచ్‌లు, స్క్రమ్, డిఫెన్స్, కిక్కింగ్ వంటి విభాగాల కోచ్‌లు, ఫిట్‌నెస్ శిక్షకులు, బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయులు, క్లబ్బుల్లో జీతం లేకుండా పిల్లలకు ఆట నేర్పేవారు, వృత్తి క్లబ్బుల్లో డైరెక్టర్ ఆఫ్ రగ్బీ హోదాలో ఉండేవారు అందరూ దీని కిందికి వస్తారు.

కోచ్ బాధ్యతలను స్థూలంగా మూడు తరగతులుగా చూడవచ్చు. మొదటివి చట్టం విధించేవి: జాగ్రత్త వహించాల్సిన విధి, బాలల రక్షణ, లైంగిక వేధింపుల నిరోధం. రెండోవి క్రీడా సంస్థలు విధించేవి: డోపింగ్, బెట్టింగ్, దుష్ప్రవర్తనకు సంబంధించిన నిబంధనలు. మూడోవి వృత్తిధర్మం నుంచి పుట్టేవి: న్యాయంగా జట్టును ఎంపిక చేయడం, నిజం చెప్పడం, ఆటగాడి చదువును, భవిష్యత్తును పట్టించుకోవడం. మొదటి రెండు తరగతుల్లోని విధులను ఉల్లంఘిస్తే శిక్ష ఉంటుంది. మూడో తరగతిలోని వాటికి చాలాసార్లు కోచ్ మనస్సాక్షి, సాటి కోచ్‌ల దృష్టి మాత్రమే కాపలా.

చారిత్రక నేపథ్యం

ఇంగ్లండ్‌లో రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ 1871లో ఏర్పడింది. ఆడినందుకు డబ్బు తీసుకోకూడదన్న అమెచ్యూర్ సిద్ధాంతాన్ని అది గట్టిగా పట్టుకుంది. పని మానుకుని వచ్చే కార్మిక ఆటగాళ్లకు కోల్పోయిన కూలి చెల్లించాలా వద్దా అన్న వివాదం 1895లో ఆటను రెండుగా చీల్చింది. ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లో సమావేశమై వేరుపడ్డాయి. ఆ శాఖే తరువాత రగ్బీ లీగ్ అయింది.

యూనియన్ శాఖలో జట్టును నడిపే బాధ్యత కెప్టెన్‌దే. ప్రత్యేకంగా శిక్షణ ఇప్పించుకోవడాన్ని వృత్తిగా ఆడటానికి తొలిమెట్టుగా చూసి అనుమానించేవారు. వేల్స్ జాతీయ జట్టుకు తొలి కోచ్‌గా డేవిడ్ నాష్ 1967లో నియమితుడయ్యాడు. అదే ఏడాది వెల్ష్ సంఘం రే విలియమ్స్‌ను శిక్షణ వ్యవస్థ నిర్వాహకుడిగా నియమించింది. 1968లో బ్రిటన్, ఐర్లండ్‌ల ఉమ్మడి జట్టైన బ్రిటిష్ లయన్స్‌తో దక్షిణాఫ్రికా వెళ్లిన రోనీ డాసన్ చేసిన పని కోచ్‌ది, ఇచ్చిన హోదా సహాయ మేనేజర్‌ది. 1971లో స్కాట్లాండ్ సంఘం బిల్ డికిన్సన్‌ను నియమించినప్పుడు కెప్టెన్‌కు సలహాదారు అన్న పేరే పెట్టింది. అదే ఏడాది కార్విన్ జేమ్స్ శిక్షణలో లయన్స్ న్యూజీలాండ్‌లో టెస్ట్ సిరీస్ గెలవడంతో కోచ్ పాత్రకు గౌరవం పెరిగింది.

1995 ఆగస్టు 26న పారిస్ సమావేశంలో అంతర్జాతీయ రగ్బీ బోర్డు ఆటను వృత్తి క్రీడగా ప్రకటించింది. ఆనాటి నుంచి కోచ్ ఉద్యోగం నేరుగా గెలుపోటములతో ముడిపడింది. జీతాలు, ఒప్పందాలు, టెలివిజన్ ఆదాయం పెరిగిన కొద్దీ నిబంధనలను వంచే ప్రలోభమూ పెరిగింది. అమెచ్యూర్ కాలంలో అలిఖితంగా నడిచిన మర్యాదలను రాతపూర్వక నియమావళులుగా మార్చే ప్రక్రియ ఈ దశలోనే వేగం పుంజుకుంది. 2009లో అంతర్జాతీయ బోర్డు నిజాయితీ, తపన, సంఘీభావం, క్రమశిక్షణ, గౌరవం అనే ఐదింటిని ఆట మౌలిక విలువలుగా ప్రకటించింది. బోర్డు 2014లో వరల్డ్ రగ్బీగా పేరు మార్చుకుంది.

నియంత్రణ వ్యవస్థ

వరల్డ్ రగ్బీ నిబంధనల్లో కోచ్‌లకు ముఖ్యంగా మూడు వర్తిస్తాయి. 6వ నిబంధన అవినీతిని, బెట్టింగ్‌ను నిషేధిస్తుంది. 20వ నిబంధన దుష్ప్రవర్తనను నిర్వచించి, ప్రవర్తనా నియమావళిని నిర్దేశిస్తుంది. 21వ నిబంధన డోపింగ్‌కు సంబంధించింది. సభ్య సంఘాలు వీటిని తమ దేశ పరిస్థితులకు అనుగుణంగా విస్తరించుకుంటాయి.

కోచ్‌లకు అంచెలవారీ గుర్తింపు పద్ధతి ఉంది. రగ్బీ రెడీ అనే ప్రాథమిక భద్రతా పాఠంతో మొదలై లెవెల్ 1, 2, 3 అర్హతల దాకా సాగుతుంది. కాంకషన్ నిర్వహణ, ప్రథమ చికిత్స, డోపింగ్ నిరోధంపై వేరే పాఠాలున్నాయి. కొన్ని దేశాల్లో భద్రతా శిక్షణ తప్పనిసరి. న్యూజీలాండ్ 2001లో రగ్బీస్మార్ట్ కార్యక్రమాన్ని, దక్షిణాఫ్రికా 2009లో బోక్‌స్మార్ట్ కార్యక్రమాన్ని ప్రారంభించాయి. దక్షిణాఫ్రికాలో కోచ్‌లు, రిఫరీలు రెండేళ్లకోసారి ఈ అర్హతను పునరుద్ధరించుకోవాలి.

ఆటగాళ్ల శారీరక భద్రత

సాంకేతిక శిక్షణ

సురక్షితమైన పద్ధతిని నేర్పడం కోచ్ నైతిక విధుల్లో మొదటిది. ట్యాకిల్‌లో తలను ఏ పక్కన ఉంచాలి, స్క్రమ్‌లో (ఇరు జట్లవారు ఎదురెదురుగా పెనవేసుకుని బంతి కోసం నెట్టుకునే వ్యూహంలో) వెన్ను ఎలా తిన్నగా ఉండాలి, రక్‌లోకి (నేలమీది బంతి కోసం పెనుగులాడే గుంపులోకి) ఏ వైపు నుంచి ప్రవేశించాలి అన్న పాఠాలు ఆటతీరుకు ఎంత అవసరమో ప్రాణరక్షణకూ అంతే అవసరం. స్క్రమ్ ముందు వరుసలో ఆడే ఇద్దరు ప్రాప్‌లు, హుకర్ ఆ స్థానాలకు తగిన శిక్షణ పొందినవారై ఉండాలని ఆట నియమాలు చెబుతున్నాయి. అలాంటివారు లేనప్పుడు నెట్టుడు లేని స్క్రమ్ పెట్టాలి. శిక్షణ లేని ఆటగాణ్ని ముందు వరుసలోకి పంపడం, స్క్రమ్‌లో బలహీనంగా ఉన్న జట్టు గాయం నటించి నెట్టుడు లేని స్క్రమ్ కోరడం, రెండూ నైతిక ఉల్లంఘనలే.

కోచ్‌లకు ఇచ్చే శిక్షణ ఎంత తేడా తెస్తుందో న్యూజీలాండ్ అనుభవం చూపింది. 2001 నుంచి 2005 వరకు ఆ దేశంలో స్క్రమ్ వల్ల శాశ్వత వైకల్యం మిగిల్చిన వెన్నెముక గాయం ఒక్కటే నమోదైంది. అంతకు ముందరి ధోరణి ప్రకారం 9 జరగవచ్చన్నది అంచనా. ఇంగ్లండ్ పాఠశాల బాలురపై జరిపి 2017లో ప్రచురించిన పరిశోధనలో, యాక్టివేట్ అనే ప్రత్యేక వార్మప్ వ్యాయామాలను వారానికి కనీసం మూడుసార్లు చేయించిన జట్లలో మ్యాచ్ గాయాలు 72 శాతం, కాంకషన్లు 59 శాతం తగ్గినట్లు తేలింది. ఇలాంటి సాధనం చేతిలో ఉండగా వాడకపోవడం నిర్లక్ష్యం కిందికి వస్తుందన్న అభిప్రాయం శిక్షణ రంగంలో బలపడింది.

తల గాయాలు, కాంకషన్

తలకు గాని, దేహానికి గాని తగిలిన దెబ్బతో మెదడు అదిరి దాని పనితీరు తాత్కాలికంగా దెబ్బతినడమే కాంకషన్. స్పృహ తప్పకపోయినా ఇది జరగవచ్చు. మొదటి దెబ్బ నుంచి కోలుకోకముందే రెండో దెబ్బ తగిలితే, ముఖ్యంగా పిల్లల్లో, మెదడు వాచి మరణం సంభవించే ప్రమాదం ఉంది. 2011 జనవరిలో ఉత్తర ఐర్లండ్‌లో ఒక పాఠశాల మ్యాచ్‌లో 14 ఏళ్ల విద్యార్థి ఇలాగే మరణించాడు. ఆ మరణంపై 2013లో ముగిసిన విచారణ తరువాత బ్రిటన్, ఐర్లండ్‌లలో కాంకషన్ అవగాహన కార్యక్రమాలు విస్తరించాయి.

ఈ విషయంలో కోచ్ పాటించాల్సిన నియమం గుర్తించడం, వెంటనే తప్పించడం. అనుమానం ఉన్నా చాలు, ఆటగాణ్ని బయటికి పంపాలి, ఆ రోజు మళ్లీ దింపకూడదు. వైద్య బృందాలుండే ఉన్నతస్థాయి మ్యాచ్‌లలో మాత్రం తల గాయం మదింపు అనే ప్రక్రియ ఉంది. దాని కోసం ఆటగాణ్ని తాత్కాలికంగా బయటికి తీసుకెళతారు. ఆ నిర్ణయం వైద్యులదే, కోచ్‌ది కాదు. బ్రిటన్‌లో 2023లో వెలువడిన మార్గదర్శకాల ప్రకారం సామాన్య స్థాయి క్రీడల్లో కాంకషన్‌కు గురైనవారు 21 రోజులలోపు పోటీకి తిరిగి రాకూడదు. తలకు దెబ్బ తగిలే అవకాశమున్న సాధనలోకి అడుగుపెట్టాలన్నా, అంతకు ముందు 14 రోజులపాటు విశ్రాంతిలో ఏ లక్షణమూ కనిపించకుండా ఉండాలి.

సాధన భారం

గాయాలు మ్యాచ్‌లోనే కాదు, సాధనలోనూ తగులుతాయి. 2021లో వరల్డ్ రగ్బీ, అంతర్జాతీయ ఆటగాళ్ల సంఘం కలిసి వృత్తి జట్లకు పరిమితులు సూచించాయి. వాటి ప్రకారం పూర్తి తాకిడితో సాధన వారానికి 15 నిమిషాలు, నియంత్రిత తాకిడి 40 నిమిషాలు, ఆటను తిరిగి మొదలుపెట్టే స్క్రమ్, లైనౌట్ వంటి సెట్‌పీస్‌ల సాధన 30 నిమిషాలు మించకూడదు. అంతకు ముందు ఏడాది, 2020 డిసెంబరులో, ఇంగ్లండ్ ప్రపంచ కప్ విజేత స్టీవ్ థాంప్సన్ సహా పలువురు మాజీ ఆటగాళ్లు, ఆటలో తలకు పదేపదే తగిలిన దెబ్బల వల్ల చిన్న వయసులోనే డిమెన్షియా లక్షణాలు వచ్చాయంటూ క్రీడా సంఘాలపై న్యాయపోరాటం మొదలుపెట్టారు.

ట్యాకిల్ ఎత్తుపైనా నియమాలు కఠినమయ్యాయి. తలకు తగిలే ట్యాకిల్‌లపై 2017 జనవరి నుంచి శిక్షలు పెరిగాయి. 2023 ప్రపంచ కప్ ఫైనల్‌లో న్యూజీలాండ్ కెప్టెన్ శామ్ కేన్ ఎత్తైన ట్యాకిల్‌కు రెడ్ కార్డు పొందాడు. పురుషుల ఫైనల్‌లో అది తొలి రెడ్ కార్డు. ఇంగ్లండ్‌లో 2023-24 సీజన్ నుంచి సామాన్య స్థాయి ఆటలో ట్యాకిల్ రొమ్ము ఎముక అడుగు భాగానికి దిగువనే చేయాలి. వంగి ట్యాకిల్ చేసే అలవాటును చిన్ననాటి నుంచే నేర్పే బాధ్యత కోచ్‌లపై పడింది.

బాలల రక్షణ, వయోవర్గ రగ్బీ

పిల్లల కోచ్ పాటించాల్సిన ప్రమాణాలు పెద్దల కోచ్‌కు వర్తించేవాటికన్నా కఠినంగా ఉంటాయి. 19 ఏళ్లలోపు వారి ఆటకు నియమాల్లోనే మార్పులున్నాయి: మ్యాచ్ 35 నిమిషాల చొప్పున రెండు అర్ధభాగాలు, స్క్రమ్‌ను 1.5 మీటర్లకు మించి నెట్టకూడదు. ఇంగ్లండ్‌లో పిల్లల మ్యాచ్‌లకు వచ్చిన ప్రతి ఆటగాడికి కనీసం సగం ఆట దక్కాలన్న నియమం ఉంది. బాగా ఆడే నలుగురితోనే గెలుపు సాధించి మిగిలినవారిని అంచున కూర్చోబెట్టే ధోరణికి ఇది అడ్డుకట్ట. న్యూజీలాండ్‌లో అనేక ప్రాంతాల్లో పిల్లలను వయసుతోపాటు బరువును బట్టి కూడా వర్గాలుగా విడదీస్తారు.

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2016 నివేదిక క్రీడల్లో వేధింపులను మానసిక, శారీరక, లైంగిక రూపాలుగాను, నిర్లక్ష్యంగాను వర్గీకరించింది. దీన్ని అనుసరించి కోచ్‌లకు కొన్ని కట్టుబాట్లు ఏర్పడ్డాయి. పిల్లలతో ఒంటరిగా మూసిన గదిలో ఉండకూడదు. దుస్తులు మార్చుకునే గదిలోకి ఒంటరిగా వెళ్లకూడదు. ఫోన్, సోషల్ మీడియా సందేశాలు తల్లిదండ్రులకు తెలిసేలా ఉండాలి. ప్రయాణాల్లో వసతి ఏర్పాట్లు వేరుగా ఉండాలి. భంగిమ సరిదిద్దడానికి తాకవలసి వస్తే ముందే చెప్పి, అనుమతితో, అందరి ఎదుట చేయాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2022 జూన్ 28 నుంచి అమలైన చట్ట సవరణ క్రీడా కోచ్‌ను విశ్వాస స్థానంలో ఉన్న వ్యక్తిగా గుర్తించింది. దాని వల్ల తన వద్ద శిక్షణ పొందే 16, 17 ఏళ్ల వారితో, వారు సమ్మతించినా, లైంగిక సంబంధం పెట్టుకోవడం నేరమైంది.

అధికారం, గౌరవం, సమానత్వం

ఎంపిక, ఒప్పందం, స్కాలర్‌షిప్, జాతీయ జట్టు పిలుపు వంటి నిర్ణయాల్లో కోచ్ మాటకు విలువ ఎక్కువ. కాబట్టి ఆటగాడు ఎదురు చెప్పలేని స్థితిలో ఉంటాడు. కఠిన శిక్షణకు, అవమానానికి మధ్య గీత గీయడం ఈ నియమావళుల్లో ప్రధానాంశం. ఆటలో పొరపాటును విమర్శించవచ్చు. ఆటగాడి రూపం, బరువు, జాతి, కులం, మతం, లింగం, కుటుంబం మీద వ్యాఖ్య చేయకూడదు. పరుగులు తీయించడం, ఆహారం లేదా నీళ్లు ఆపడం వంటివాటిని శిక్షగా వాడకూడదు. వేడి వాతావరణంలో నీటి విరామాలు ఇవ్వడం కోచ్ దయ కాదు, విధి.

ఎంపిక ప్రమాణాలను ముందే ప్రకటించడం, తప్పించిన ఆటగాడికి కారణం నేరుగా చెప్పడం, తన బంధువులు లేదా తన సొంత అకాడమీ వారు పోటీలో ఉన్నప్పుడు ఆ విషయం వెల్లడించి నిర్ణయం నుంచి తప్పుకోవడం న్యాయమైన ఎంపికకు గుర్తులు. మహిళా జట్లకు సౌకర్యాలు, వైద్య సహాయం, మైదానం సమయం పురుషులతో సమానంగా అడిగి సాధించడం కూడా కోచ్ బాధ్యతే.

రిఫరీలు, ప్రత్యర్థుల పట్ల నడవడి

రిఫరీ నిర్ణయాన్ని గౌరవించడం రగ్బీ సంస్కృతిలో పాతుకుపోయిన విలువ. మైదానంలో సాధారణంగా కెప్టెనే రిఫరీతో మాట్లాడతాడు. కోచ్ తన అభ్యంతరాలను మ్యాచ్ తరువాత నిర్దేశిత మార్గంలో లిఖితపూర్వకంగా పంపవచ్చు. బహిరంగంగా రిఫరీ నిజాయితీని శంకించడం దుష్ప్రవర్తన. నీళ్లు మోసే సహాయకుడి రూపంలో ప్రధాన కోచ్ మైదానంలోకి వచ్చి సూచనలు ఇచ్చే వీలును వరల్డ్ రగ్బీ 2022 జులై నుంచి తొలగించింది. 2023 ప్రపంచ కప్ ఫైనల్‌కు రిఫరీగా వ్యవహరించిన వేన్ బార్న్స్ ఆ వెంటనే పదవీ విరమణ చేస్తూ, తన కుటుంబానికి వచ్చిన బెదిరింపుల గురించి బయటపెట్టాడు. కోచ్‌లు బహిరంగంగా మాట్లాడే తీరు అభిమానుల ప్రవర్తనపై చూపే ప్రభావం ఈ నేపథ్యంలో చర్చకు వచ్చింది.

డోపింగ్, బెట్టింగ్

ప్రపంచ డోపింగ్ నిరోధక నియమావళిలో కోచ్‌లు క్రీడాకారుల సహాయక సిబ్బంది అనే వర్గంలోకి వస్తారు. నిషిద్ధ పదార్థం ఇవ్వడం, దాచడంలో తోడ్పడటం, పరీక్షకు అడ్డుపడటం మాత్రమే కాదు, డోపింగ్ నేరంపై నిషేధంలో ఉన్న సహాయక సిబ్బందితో ఆటగాడు కలిసి పనిచేయడం కూడా ఉల్లంఘనే. దక్షిణాఫ్రికాలో పాఠశాల స్థాయి పోటీ అయిన క్రేవెన్ వీక్‌లోనే స్టెరాయిడ్ కేసులు బయటపడ్డాయి. బరువు పెరిగితేనే ఎంపిక అన్న ఒత్తిడి పిల్లలను అటు నెట్టకుండా చూడటం, సప్లిమెంట్ల వల్ల ముప్పు గురించి చెప్పడం కోచ్ పని. బెట్టింగ్ విషయంలో నిషేధం విస్తృతం. ఆటతో సంబంధం ఉన్న వ్యక్తులు రగ్బీ మ్యాచ్‌లపై పందెం కాయకూడదు, జట్టు లోపలి సమాచారాన్ని పందెం కోసం ఇతరులకు చేరవేయకూడదు.

ప్రముఖ ఉదంతాలు

స్టాల్‌డ్రాట్ శిబిరం, 2003

ప్రపంచ కప్‌కు ముందు దక్షిణాఫ్రికా జట్టును థబజింబి సమీపంలో సైనిక తరహా శిబిరానికి తీసుకెళ్లారు. ఆటగాళ్లను నగ్నంగా చల్లని నీటిలోకి దింపడం, గోతుల్లో ఇరికించడం వంటివి జరిగాయి. ఫొటోలు బయటపడటంతో తీవ్ర నిరసన వచ్చింది, కోచ్ రుడాల్ఫ్ స్ట్రాయిలీ పదవి వదులుకున్నాడు. జట్టు ఐక్యత పేరుతో అవమానాన్ని సమర్థించలేమన్న వాదనకు ఇది తరచుగా చూపే ఉదాహరణ.

బ్లడ్‌గేట్, 2009

2009 ఏప్రిల్ 12న యూరప్ క్లబ్బుల పోటీ హైనెకెన్ కప్ క్వార్టర్ ఫైనల్‌లో హార్లెక్విన్స్, లీన్‌స్టర్ తలపడ్డాయి. చివరి నిమిషాల్లో హార్లెక్విన్స్ వింగర్ టామ్ విలియమ్స్ నోట్లో నకిలీ రక్తపు గుళిక కొరికి గాయపడినట్లు నటించాడు. రక్తం కారుతున్న ఆటగాడి స్థానంలో, అప్పటికే బయటికి వెళ్లినవారు కూడా తిరిగి రావచ్చన్న నియమాన్ని వాడుకుని కిక్కర్ నిక్ ఎవన్స్‌ను దింపారు. అయినా లీన్‌స్టర్ 6-5తో గెలిచింది. తొలి విచారణలో ఆటగాడికి 12 నెలల నిషేధం పడింది. అతడు అప్పీలులో పూర్తి నిజం చెప్పడంతో దాన్ని 4 నెలలకు తగ్గించి, డైరెక్టర్ ఆఫ్ రగ్బీ డీన్ రిచర్డ్స్‌పై 3 ఏళ్లు, ఫిజియోథెరపిస్టుపై 2 ఏళ్లు నిషేధం విధించారు. ఇలాంటి నటన క్లబ్బులో అంతకు ముందూ జరిగిందని విచారణలో తేలింది. ఆటగాళ్ల చేత అబద్ధం ఆడించే కోచ్‌దే పెద్ద బాధ్యత అన్న సూత్రం ఈ తీర్పుతో స్పష్టమైంది.

ఎరాస్మస్ వీడియో, 2021

లయన్స్‌తో తొలి టెస్టు ఓడాక దక్షిణాఫ్రికా డైరెక్టర్ ఆఫ్ రగ్బీ రాసీ ఎరాస్మస్ రిఫరీ నిక్ బెరీ నిర్ణయాలను తప్పుపడుతూ చేసిన 62 నిమిషాల వీడియో ఇంటర్నెట్‌లో వ్యాపించింది. స్వతంత్ర కమిటీ అతణ్ని 2 నెలలపాటు అన్ని రగ్బీ కార్యకలాపాల నుంచి, 2022 సెప్టెంబరు 30 వరకు మ్యాచ్ రోజు విధుల నుంచి నిషేధించింది. దక్షిణాఫ్రికా సంఘానికి జరిమానా విధించింది.

బ్లాక్ ఫెర్న్స్ సమీక్ష, 2022

న్యూజీలాండ్ మహిళా జట్టు ఆటగాళ్లలో ఒకరు ప్రధాన కోచ్ వ్యాఖ్యలు తనను మానసికంగా దెబ్బతీశాయని 2021 డిసెంబరులో బహిరంగంగా రాశారు. తరువాత జరిగిన సమీక్ష జట్టు వాతావరణం, మావోరీ, పసిఫిక్ సంస్కృతుల పట్ల అవగాహన, సంభాషణ తీరుపై 26 సిఫారసులు చేసింది. కోచ్ గ్లెన్ మూర్ 2022 ఏప్రిల్‌లో వైదొలిగాడు. వేన్ స్మిత్ బాధ్యత తీసుకున్న అదే జట్టు ఆ నవంబరులో ఈడెన్ పార్క్‌లో ఇంగ్లండ్‌ను 34-31తో ఓడించి ప్రపంచ కప్ గెలిచింది.

న్యాయస్థానాల తీర్పులు

ఇంగ్లండ్, వేల్స్ న్యాయస్థానాలు రగ్బీలో జాగ్రత్త విధిని పలు తీర్పుల్లో నిర్వచించాయి. 1984 నాటి ఒక కేసులో, విద్యార్థులతో కలిసి ఆడుతూ 15 ఏళ్ల బాలుణ్ని ఎత్తుగా ట్యాకిల్ చేసిన ఉపాధ్యాయుణ్ని బాధ్యుడిగా తేల్చారు. పెద్దవాడి బరువు, బలం పిల్లలకు ముప్పు అన్న ఎరుక అతనికి ఉండాలని కోర్టు భావించింది. 2007లో అప్పీల్ కోర్టు, 15 ఏళ్లలోపు వారి మ్యాచ్‌లో వయసు మించిన ఆటగాణ్ని దింపిన పాఠశాలను ప్రత్యర్థి బాలుడి గాయానికి బాధ్యురాలిగా తేల్చింది. అంతకు ముందు 2003లో, ముందు వరుస అనుభవం లేని ఆటగాణ్ని స్క్రమ్‌లో కొనసాగనిచ్చిన రిఫరీ జాగ్రత్త విధిని ఉల్లంఘించాడని అదే కోర్టు నిర్ధారించింది. ప్రతి గాయమూ నిర్లక్ష్యం కాదని, ఆటలో సహజమైన ప్రమాదం ఉంటుందని న్యాయస్థానాలు అంగీకరిస్తూనే, నివారించదగిన ప్రమాదాన్ని నివారించకపోవడాన్ని తప్పుగా ఎంచాయి.

భారతదేశంలో

భారతదేశంతో రగ్బీ బంధం పాతది. కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ మూతపడినప్పుడు దాని నిధిలోని వెండి రూపాయలను కరిగించి చేయించిన కలకత్తా కప్ కోసం ఇంగ్లండ్, స్కాట్లాండ్ 1879 నుంచి పోటీ పడుతున్నాయి. దేశంలో ఆటను పాలించే ఇండియన్ రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ 1998లో ఏర్పడింది. ఇప్పుడు దీన్ని రగ్బీ ఇండియా అని వ్యవహరిస్తారు. మహిళల పదిహేనుమంది జట్టు 2019లో సింగపూర్‌పై తొలి అంతర్జాతీయ విజయం సాధించింది. 2025లో ముంబయిలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ సహా ఆరు జట్లు పాల్గొన్నాయి. ఈ పోటీ సెవెన్స్ పద్ధతిలో జరిగింది.

ఇక్కడి కోచ్‌లకు వరల్డ్ రగ్బీ నిబంధనలతోపాటు మూడు శాసనాలు ముఖ్యమైనవి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడమూ శిక్షార్హమే. నమ్మకం లేదా అధికారం ఉన్న స్థానం నుంచి చేసే నేరాన్ని తీవ్రమైనదిగా పరిగణిస్తారు. 2013 నాటి పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం క్రీడా సంస్థలు, స్టేడియాలు, పోటీ వేదికలను కూడా పని ప్రదేశాలుగా నిర్వచించింది. 2022 నాటి జాతీయ డోపింగ్ నిరోధక చట్టం జాతీయ డోపింగ్ నిరోధక సంస్థకు (నాడా) శాసనబద్ధ అధికారం ఇచ్చింది.

భారతీయ పరిస్థితుల్లో మరికొన్ని బాధ్యతలు ముందుకు వస్తాయి. వయోవర్గ పోటీల్లో తప్పుడు వయసు ధ్రువపత్రాలను ప్రోత్సహించకపోవడం వాటిలో ఒకటి. ఢీకొనే ఆటలో ఇది న్యాయానికి సంబంధించిన సమస్యగా మాత్రమే మిగలదు, భద్రతా సమస్య కూడా అవుతుంది. పేద కుటుంబాల నుంచి, గిరిజన ప్రాంతాల నుంచి వసతి గృహాలకు వచ్చే పిల్లలు కోచ్ మీదే పూర్తిగా ఆధారపడతారు కాబట్టి వారికి ఫిర్యాదు మార్గం తెలియజేయడం అవసరం. ఎండాకాలంలో సాధన వేళలు మార్చడం, గట్టి నేల మీద ట్యాకిల్ సాధన చేయించకపోవడం, దగ్గరలోని ఆసుపత్రి వివరాలు సిద్ధంగా ఉంచుకోవడం కూడా ఈ కోవలోవే.

అమలు, శిక్షలు

ఫిర్యాదు సాధారణంగా క్లబ్ లేదా పాఠశాల బాలల రక్షణ అధికారి నుంచి మొదలై జాతీయ సంఘ క్రమశిక్షణ కమిటీకి చేరుతుంది. అంతర్జాతీయ మ్యాచ్‌లకు సంబంధించినవి స్వతంత్ర న్యాయ కమిటీలకు వెళతాయి. హెచ్చరిక, జరిమానా, మ్యాచ్ రోజు నిషేధం, కాలపరిమితి గల లేదా శాశ్వత నిషేధం, అర్హత రద్దు శిక్షల్లో ఉన్నాయి. నేరారోపణలు పోలీసుల పరిధి. అలాంటివాటిని క్లబ్ అంతర్గతంగా సర్దుబాటు చేయకూడదు. కోచ్‌కూ తన వాదన వినిపించే హక్కు, అప్పీలు హక్కు ఉంటాయి. ఫిర్యాదు చేసినవారిపై ప్రతీకారం తీర్చుకోవడం వేరే నేరంగా పరిగణన పొందుతుంది.

వివాదాంశాలు

పిల్లలకు ట్యాకిల్ ఏ వయసులో నేర్పాలన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. 2016 మార్చిలో బ్రిటన్‌లో 70 మందికి పైగా వైద్యులు, విద్యావేత్తలు పాఠశాల రగ్బీలో ట్యాకిల్‌ను నిషేధించాలని బహిరంగ లేఖ రాశారు. వ్యాయామం వల్ల కలిగే లాభాలు, చిన్ననాడే సరైన పద్ధతి నేర్చుకోవలసిన అవసరం ప్రత్యర్థి వాదనలు. రిఫరీలను విమర్శించే హక్కుపైనా భిన్నాభిప్రాయాలున్నాయి. ఫిర్యాదు మార్గాలు నెమ్మదిగా, గోప్యంగా ఉండటం వల్లే కోచ్‌లు బహిరంగంగా మాట్లాడుతున్నారని కొందరు, వ్యక్తిని గురిచేసుకున్న విమర్శ బెదిరింపులకు దారితీస్తుందని మరికొందరు అంటారు. జీతం లేని కోచ్‌లపై పత్రాలు, పరీక్షలు, పాఠాల భారం పెరిగి వారు తప్పుకుంటున్నారన్న ఆందోళన మూడోది. దీనికి పరిష్కారంగా ఉచిత ఆన్‌లైన్ పాఠాలు, క్లబ్ స్థాయిలో ప్రత్యేక రక్షణ అధికారి నియామకం వంటి ఏర్పాట్లు వచ్చాయి.

ప్రాముఖ్యం

నైతిక ప్రమాణాలు ఆట మనుగడకే అవసరం. తల్లిదండ్రులు తమ పిల్లలను మైదానానికి పంపేది కోచ్‌ను నమ్మి. ఆ నమ్మకం పోతే కొత్త ఆటగాళ్లు రారు. రగ్బీస్మార్ట్ వంటి కార్యక్రమాలు శిక్షణ పొందిన కోచ్ గాయాలను తగ్గించగలడని నిరూపించాయి. ఈ ప్రమాణాలు పాటిస్తూనే ఒక జట్టు అత్యున్నత స్థాయిలో గెలవగలదనడానికి 2022 నాటి న్యూజీలాండ్ మహిళా జట్టు ఒక ఆధారం. నియమావళులు కనీస హద్దును గీస్తాయి. వాటిని మించి, ఓడిపోయే మ్యాచ్‌లో కూడా కాంకషన్ అనుమానం ఉన్న ఉత్తమ ఆటగాణ్ని బయటికి పిలవడంలోనే కోచ్ వృత్తిధర్మం తేలుతుంది.

ఇవి కూడా చూడండి

కాంకషన్, క్రీడల్లో డోపింగ్, క్రీడల్లో బాలల రక్షణ, పోక్సో చట్టం, రగ్బీ ఇండియా, రగ్బీ యూనియన్, రగ్బీ సెవెన్స్, రిఫరీ, వరల్డ్ రగ్బీ, స్క్రమ్